ఊరి పొలిమేరలో ఎలుగుబంటి

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసపాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున ఎలుగుబంటిని గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి తోపవచ్చును. కవులను గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో మాటలాడుట ఇట్టి సభలకు ఆచారము. కాని ఇచటి పఠనమందిరమున వార్తాపత్రిక విప్పినవారందరును ఏ యెండకాలముననో, ఏ సీతాఫలముల కాలముననో ఒక వార్తను చదివియే యుందురు: ఫలానా ఊరి తోటలో ఎలుగుబంటి రైతుపై బడినది, ఊరివారు కర్రలతో తరిమిరి, అటవీశాఖవారు ఆలస్యముగా వచ్చిరి. ఆ మరునాటినుండి అరుగులమీద వాదము మొదలగును. “మనిషి ప్రాణముకంటె మృగము ఎక్కువా?” అని ఒకరందురు. “అడవిని మనము నరికితిమి, అది యెక్కడికి పోవును?” అని మరియొకరందురు. ఈ రెండు మాటలును నిజమే. రెండు నిజములు ఎదురెదురుగా నిలిచినపుడు గొంతు పెద్దదైనవారిదే గెలుపగును. ఆ కేకలలో మరుగుపడిపోవు సంగతులు కొన్ని యున్నవి.

కర్నూలు, కడప ప్రాంతములవారికి ఎలుగు కొత్త చుట్టము కాదు. నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలము – ఈ కొండల అంచులనే మన ఊళ్లు, మన బీళ్లు, మన వేరుసెనగ చేలు వెలసినవి. అడవిలోనికి పోక తప్పనివారు మన ప్రాంతమున తక్కువ కారు. ఆత్మకూరు నుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శివరాత్రికి శ్రీశైలము నడిచిపోవు భక్తులున్నారు. కోడూరు దగ్గరి కుక్కలదొడ్డి నుండి అన్నమయ్య మార్గమున తిరుమల కెక్కువారున్నారు. అహోబిలమున నవనరసింహులను సేవింప లోయలు దిగి ఎక్కువారున్నారు. వీరుగాక గొర్రెలు తోలుకొనిపోవువారు, కట్టెలకు, తునికాకునకు, తేనెకు, చింతపండునకు పోవువారు. అన్నిటికంటె ముందు, అడవియే ఇల్లైన చెంచులు.

అడవులకు సర్కారు గీతలు గీచినది. నాగార్జునసాగరు–శ్రీశైలము అడవి 1978లో అభయారణ్యమై, 1983లో పులుల రక్షణ పథకములో చేరినది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము 1988లోను, శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానము 1989లోను ఏర్పడినవి. గీతలు పటముమీదనే యుండును. రేగుపొద ఆ గీతను చూచి మొలవదు, ఎలుగు దానిని చూచి ఆగదు. పైగా మనము “బీడు” అని తీసివేయు ముళ్లపొదల నేల నిజముగ బీడు కాదని ఈ కడప సీమయే లోకమునకు చూపినది. అంతరించిపోయినదని పండితులు తలచిన కలివికోడి 1986లో మరల కనబడినది ఇచటి చిట్టడవిలోనే గదా. ఆ పొదలలోనే ఎలుగు పగటిపూట పండుకొనును. పట్టా భూమికిని కొండకును నడుమ మిగిలిన ఆ పొదల పట్టీయందే మనిషియు ఎలుగును తరచుగా తారసిల్లుదురు.

ఈ జంతువును గూర్చి మన వాఙ్మయమునకు తెలిసినంత మన నిత్యజీవితమునకు తెలియదేమో. రామాయణమున హనుమంతునకు వాని బలమును గుర్తుచేసిన జ్ఞానవృద్ధుడు జాంబవంతుడు. భాగవతమున శ్రీకృష్ణునితో 28 దినములు పోరి, పిదప కుమార్తెను కన్యాదానము చేసినవాడును అతడే. ఆ కథనే శ్రీకృష్ణదేవరాయలు సంస్కృతమున “జాంబవతీ కల్యాణము” అను నాటకముగా రచించెను. ఇంత గౌరవ మిచ్చిన మనమే వీథులలో ఎలుగుబంటి ఆటను చూచితిమి. ముక్కునకు త్రాడు గ్రుచ్చి ఆడించుచుండగా పిల్లలను దాని వీపుపై నెక్కించి, జడుపు పోవునని దాని వెంట్రుకను తాయెత్తుగా కట్టితిమి. ఆ ఆటకు పిల్లను పట్టవలెనన్న గుహలోని తల్లిని చంపవలెనని తాయెత్తు కట్టించుకొన్న తల్లికి తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పిమ్మట ఆ ఆట క్రమముగా తగ్గి, 2009 డిసెంబరుతో దేశమున ముగిసినదని చెప్పుదురు. దానిపై బ్రతికిన కలందరు కుటుంబములకు వేరు బ్రతుకుతెరువు చూపినందువలననే అది సాధ్యమైనది.

మన పల్లెలలో దీనిని ఎలుగ్గొడ్డనియు, గుడ్డెలుగనియు పిలుతురు. గుడ్డెలుగు అను పేరు దానికి చక్కగా నప్పినది. దాని చూపు మందము, వినికిడి సామాన్యము, వాసన పట్టుటలో మాత్రము అసాధ్యము. భూమిలోపల దాగిన పురుగును వాసనతో కనుగొనును. ముఖ్యాహారము చెదలు, చీమలు. పొడుగైన గోళ్లతో పుట్టను చీల్చి, మూతిని గొట్టమువలె చాచి, లోపలి చెదలను గాలితోసహా పీల్చును. పై పలువరుసలో ముందటి రెండు పండ్లు లేకుండుట ఈ పీల్చుడుకు అనుకూలము. ఆ చప్పుడు చాల దూరము వినవచ్చును. ఆ సమయమున దానికి మాత్రము మరేమియు వినబడదు. 1791లో దీనిని మొదట వర్ణించిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు షా, గోళ్లను చూచి అమెరికా ఖండపు స్లాత్ అను మందగమన జంతువునకు దగ్గరి బంధువని పొరబడెను. ఆ పొరబాటు ఆంగ్లనామమున నేటికిని నిలిచియున్నది. మందగమనమని నమ్మి దానితో పరుగుపందెము వేసినవాడు గెలువడు సుమా!

చెదలకు తోడు పండ్లు దాని ఆహారము. వేసవిలో ఇప్పపూవు, తునికిపండు, తొలకరికి నేరేడు, దసరా మొదలు సీతాఫలము, చలికాలమున రేగు. ఈ పట్టికను చదివిన ఏ గృహిణియైనను నవ్వుకొనక తప్పదు: ఆయా కాలములందు కొండకు పోవు మన ఆడువారు గంపలలో తెచ్చు పండ్లును ఇవియే. సీతాఫలము మన దేశపుది కాదు, అమెరికానుండి వచ్చినది. అయినను మన కొండవాలులన్నింట అల్లుకొని ఎలుగునకును మనకును ఉమ్మడి తోటయైనది. కొండమీద పండు తక్కువైన యేట వేరుసెనగ, మొక్కజొన్న, మామిడి, కర్బూజ దాని కంటబడును. వాసనకు అడ్డు గోడలేదు.

ఆడుఎలుగు చలికాలమున గుహలోనో, బండసందులోనో ఒకటిరెండు పిల్లలను కనును. రెండుమూడు నెలలకు వెలికివచ్చి వానిని వీపుమీద మోసికొని తిరుగును. ఇట్లు పిల్లలను వీపున మోయుట మిగిలిన ఎలుగుజాతులలో కానరాని అలవాటు. పులి తిరుగు అడవిలో చెట్టెక్కి దాగుట కంటె ఎదుర్కొనుటయే మేలని ఈ జాతికి యుగముల అనుభవము నేర్పినది. చిరుత దారి తప్పించుకొని పోవును, పాము తొలగును, ఎలుగు మాత్రము తత్తరపడినపుడు మీదికి వచ్చును. వెనుకకాళ్లపై లేచి గోళ్లతో కొట్టుదెబ్బ మనిషి ముఖమునకు తగులును. చనిపోవువారికంటె కన్నుపోయి, దవడ చీలి, ముక్కు తెగి బ్రతికియున్నవారే ఎక్కువ. పెండ్లికి కూర్చోవలసిన వయసున ముఖము పోగొట్టుకొన్న కూలియువకునకు “పాపము, అది భయపడి కొట్టినది” అను శాస్త్రవాక్యము ఏమి ఓదార్పు నిచ్చును? అడవిజంతువుల పక్షమున మాటలాడువారు ఈ ముఖమును ఎదుట నుంచుకొని మాటలాడవలెను. ఆ వాక్యము అబద్ధము కాదు. అయినను అంతటితో ఊరికి జవాబు చెప్పినట్లు కాదు.

ఈ వాదము ఎంత తీవ్రమగునో తెలియుటకు మన సీమకు దూరమైనను మన రాష్ట్రమందలిదే యైన శ్రీకాకుళపు ఉద్దానము వైపు చూడవలెను. కొబ్బరి, జీడిమామిడి, పనసతోటల సీమ అది. నడుమ చిన్నచిన్న కొండలు. 2018 జూను మాసమున సోంపేట మండలము ఎర్రముక్కాములో ఎలుగుబంటి దాడిలో ఇద్దరు మరణించిరి, కొందరు గాయపడిరి. కోపోద్రిక్తులైన జనులు ఆ ఎలుగును కొట్టి చంపిరి. నాలుగేండ్లకు, 2022 జూనులో, వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఒక వృద్ధ రైతు ఎలుగు వాతబడి చనిపోయెను. మరునాడు మరికొందరు గాయపడిరి. ఈ పర్యాయము జనులు చంపలేదు. విశాఖపట్టణపు జంతుప్రదర్శనశాలనుండి వైద్యులు వచ్చి, మత్తుమందు తుపాకితో కొట్టి బోనునకెక్కించిరి. ఊరు ఊపిరి పీల్చుకొన్నది. విశాఖపట్టణమునకు తరలించుచుండగా ఆ ఎలుగు దారిలోనే చనిపోయినది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన ఒక విచిత్రము తోచును. ఒకచోట చంపవలెననుకొన్నారు, చచ్చినది. మరియొకచోట కాపాడవలెననుకొన్నారు, అచ్చటను చచ్చినది. రెండుచోట్లను మనుషులు చనిపోయిరి. అనగా “చంపుటయా, కాచుటయా” అను ప్రశ్న వచ్చుసరికే చేతులు కాలిపోయియున్నవన్నమాట. మత్తుమందు ఇచ్చుట కథలలో వినునంత సులభము కాదు. బరువును కంటితో అంచనా కట్టి మోతాదు వేయవలెను; సూది తగిలిన పిదప జంతువు పడిపోవుటకు కొన్ని నిమిషములు పట్టును; ఆ నిమిషములలో అది పరుగెత్తును. ఎండ, భయము, అంతకుముందే తగిలిన దెబ్బలు, చుట్టును జనుల అరుపులు – ఇవన్నియు దాని గుండెపై పడును. నేర్పరియైన వైద్యుడును ఓడిపోవు సందర్భము లుండును. అట్టి వైద్యులు ప్రతి రేంజి కార్యాలయమున నుండరు. నల్లమల అంచు ఊరికి తిరుపతి జంతుప్రదర్శనశాలనుండి రావలసివచ్చినచో గంటలకొలది ప్రయాణము. ఆ గంటలు గడుచుట ఊరి చేతిలో నున్నది.

ఆ గంటలలో జరుగునది అందరు చూచినదే. ఎలుగు తోటలోనో, కల్లములోనో, పొదలోనో దాగినదని తెలియగనే ఊరంతయు కదలును. పక్క ఊళ్లనుండి మోటారుసైకిళ్లపై కుఱ్ఱవారు వత్తురు. చేతిఫోనులలో బొమ్మలు తీయుదురు. ఒకడు రాయి విసరును. పగలంతయు పండుకొని, చీకటిపడగనే వచ్చినదారినే కొండెక్కిపోగల జంతువునకు నాలుగువైపుల దారి మూసివేయుదురు. అది బయటికి దూకినపుడు మొదట దొరకువాడు రాయి విసరినవాడు కాడు. పరుగెత్తలేని ముసలివాడు, గొడ్లకాడ నున్న స్త్రీ. మొదటి దాడి ఎలుగువలన జరిగినదైనను, రెండవది మూడవది తరచు మన గుంపువలన జరుగును. ఈ మాట వినుటకు కటువుగానున్నది. కాని ఊరివారు ఊరివారితో చెప్పుకొనవలసిన మాటయే ఇది, పైవారు చెప్పిన రుచించదు.

శేషాచలమున జరిగిన ఉదంతము మరియొక పాఠము. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిని తల్లిదండ్రులతో నడచుచున్న ఆరేండ్ల బాలికను అడవిమృగము ఎత్తుకొనిపోయినది. మొదట ఎలుగుబంటిదా చిరుతదా అను సందేహము పుట్టినది. తుదకు చిరుతయని నిర్ణయించి బోనులు పెట్టి పట్టిరి. ఆ దినములలోనే అదే దారి చేరువన ఎలుగు తిరుగుటయు కెమెరాలలో కనబడినది. దేవస్థానమువారు మధ్యాహ్నము రెండు గంటల పిమ్మట పిల్లలను నడకదారిన అనుమతింపక, నడచువారికి చేతికర్రలిచ్చుటకు పూనుకొనిరి. దేశమంతట పరిహాసము చెలరేగెను: చిరుతను కర్రతో కొట్టుదురా యని. కర్ర ఒక్కటియే రక్షణయని తలపలేదనియు, గుంపులుగా నడుచుట, కావలివారు తోడుండుట మొదలగునవియు ఏర్పరచితిమనియు దేవస్థానమువారు బదులిచ్చిరి. పరిహసించినవారు పట్టణవాసులై యుందురు. గొర్రెలకాపరి కర్ర లేక కొండెక్కడు. ఆ కర్ర కొట్టుటకు కాదు, పొదను తట్టుటకు, రాతిపై చప్పుడు చేయుటకు. అయితే ఆ వివాదమున ఎవరును అంతగా పట్టించుకొనని ఏర్పాటొకటి యున్నది: దారివెంట అంగళ్లవారు ఎంగిలి, కుళ్లిన పండ్లు పారవేయరాదనియు, భక్తులు జింకలకు తిండి పెట్టరాదనియు కట్టడి చేసిరి. కర్రకంటె ఈ కట్టడియే ముఖ్యము. ఎంగిలి ఉన్నచోటికి కుక్కయు పందియు వచ్చును, వానికై చిరుత వచ్చును; తీపి ఉన్నచోటికి ఎలుగు వచ్చును.

తిండి మాట వచ్చినది గనుక బళ్లారి వైపును చూడవలెను. 1953 వరకు కర్నూలు, కడప, అనంతపురములతోపాటు దత్తమండలములలో ఒకటైన ఆ జిల్లాలో, హంపికి దగ్గర దరోజి యను చోట 1994లో కర్ణాటక ప్రభుత్వము ఎలుగుబంట్ల కొరకే ఒక అభయారణ్యమును నెలకొల్పినది. బండలగుట్టలు, ముళ్లపొదలు, రేగు, నేరేడు – అచ్చముగ మన సీమయే. అచట సాయంకాలమున బండలమీద బెల్లపు పాకము వంటిది పూయుదురు; ఎలుగులు దిగివచ్చి నాకుచుండగా ఎదుటి మంచెనుండి యాత్రికులు చూతురు. ఎలుగును చంపక, దానిని చూచుటకే జనులు దూరమునుండి వచ్చునట్లు చేయుట గొప్ప సంగతి. కాని బెల్లపు రుచి మరిగిన ఎలుగు మనిషి వాసనను తిండివాసనగా భావించినచో ఏమగునను ప్రశ్నను కొట్టివేయరాదు. మన ప్రాంతపు ఊళ్లలో గుడిదగ్గరకు ఎలుగు వచ్చినదని, భక్తితోనో వేడుకతోనో కొబ్బరిచిప్పలు, అరటిపండ్లు పెట్టి, జాంబవంతుడు దిగివచ్చెనని ఆనందించువారున్నారు. జాంబవంతుడు ఒకరు పెట్టిన తిండికి ఆశపడలేదు! ఈ వేడుక నాలుగు వారములు సాగి ఐదవ వారమున పూజారిమీదికో పసివానిమీదికో తిరిగినపుడు, పండు పెట్టినవారే కర్ర పట్టుదురు.

ఇక చట్టము సంగతి. ఆంగ్లేయుల కాలమున క్రూరమృగములను చంపినవారికి బహుమానము లిచ్చెడివారు. ఏటేట చంపబడిన మృగముల లెక్కలలో ఎలుగునకును ఒక గడి యుండెడిది. 1972 చట్టముతో ఆ కాలము తలక్రిందైనది. నేడు ఎలుగు మొదటి షెడ్యూలు జంతువు, అనగా పులితో సమానముగ రక్షణ పొందినది. ఇందుమీద ఊళ్లలో ఒక అపోహ ప్రబలియున్నది: మీదబడినను చేయి ఎత్తరాదట, ఎత్తినచో జైలట. ఇది నిజము కాదు. ఆత్మరక్షణకుగాని, పరులను రక్షించుటకుగాని సద్బుద్ధితో చంపినను గాయపరచినను నేరము కాదని ఆ చట్టము 11వ సెక్షనే చెప్పుచున్నది. అట్లు చచ్చిన జంతువు మాత్రము ప్రభుత్వపు సొత్తు. నిజముగ మనుషులకు అపాయకరమైన జంతువును తొలగించుటకును దారి యున్నది: రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణములు వ్రాసి ఉత్తరువు చేయవచ్చును, అయితే దానిని పట్టుటకుగాని, మత్తునిచ్చి తరలించుటకుగాని వీలుకాదని తేలిన పిదపనే చంపుటకు ఆజ్ఞ ఇయ్యవలెను. చట్టము మనిషిని విడువలేదు, మృగమును విడువలేదు. అది విడిచినది ఒక్క పగను మాత్రమే. నిన్న ఒకనిని గాయపరచినదని నేడు పొదలో దాగినదానిని వెదకి చంపుట ఆత్మరక్షణ కాదు.

అన్ని ఎలుగులును అమాయకములే అని వాదించుటయు తగదు. మైసూరు సీమ అరసికెరె ప్రాంతమున పన్నెండుగురిని చంపినదని చెప్పబడు ఎలుగును గూర్చి వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ వ్రాసిన వృత్తాంతము ప్రసిద్ధము. అట్టివి అరుదు, అరుదైనను లేకపోలేదు. అట్టి సందర్భమున ఉత్తరువుకై రోజులకొలది ఊరు ప్రాణములు అరచేత పట్టుకొని కూర్చుండుట న్యాయము కాదు. అధికారులు త్వరపడవలెనని కోరుటకు గ్రామస్థులకు సంపూర్ణాధికార మున్నది. తరలించుట మాత్రము సర్వరోగ నివారిణి కాదు. ఒక కొండ ఎలుగును మరియొక కొండపై విడిచినచో అచటి ఎలుగులతో పోరును, లేదా తిరిగివచ్చును, లేదా అచటి ఊరి నెత్తిన పడును. మన ఆపదను పొరుగూరికి పంపుటకు దానికొక మర్యాదైన పేరు.

అంతకంటె ఘోరమైనది విద్యుత్తీగ. అడవిపందులకని చేనిచుట్టు కరెంటు తీగ లాగువారున్నారు. అది పందిని, ఎలుగును, పక్క చేని రైతును వేరుచేసి చూడదు. రాత్రి నీరు కట్టుటకు పోయి తెల్లవారుసరికి తీగపై శవమైన రైతుల వార్తలు పత్రికలలో వచ్చుచునేయున్నవి. పంటనష్టము నిజము, రాత్రి కావలి కష్టము నిజము; అయినను ఈ తీగకు సమర్థన లేదు.

మరి చేయగలిగినదేమి? పెద్ద పథకములను సర్కారు చూచుకొనును. వేసవిలో నల్లమలలో సాసరు గుంటలకు నీరు పోయించుట మొదలగునవి జరుగుచునేయున్నవి. ఊరు చేయగలిగినది చిన్నది. చెంచులు, కాపరులు ఎరిగినదియే అది. అడవిలో ఒంటరిగా, మౌనముగా పోరు. పోయినను తెల్లవారక ముందును, మునిమాపునను పొదల దారిన పోరు. తెలుగున “ఎలుగు” అనగా గొంతు అనియు అర్థము గలదు గదా. ఎలుగెత్తి మాటలాడుచు పోయిన ఎలుగు తానే తొలగును. దానికి మనరాక ముందుగా తెలిసిన చాలు, అది మనలను కోరి ఎదుర్కొనదు. తాజాగా త్రవ్విన పుట్ట, గింజలతో నిండిన రెట్ట కనబడిన ఆ దారిని ఆ పూటకు విడిచిపెట్టుటయే తెలివి. బండసందులో పిల్లల కూత వినబడిన తొంగిచూడరాదు. సీతాఫలపు కాలమున గంపతో పోవు ఆడువారు నలుగురైదుగురు కలిసి, పొద్దెక్కిన పిదప పోవుట మంచిది. రాత్రి బహిర్భూమికి చీకటిలో పొదలచాటునకు పోవలసిన అవస్థ ఇంకను ఏ ఇంటనున్నను, అది ఎలుగు సమస్యలో భాగమే.

మన పాఠ్యపుస్తకములలోని ఇద్దరు మిత్రుల కథ అందరెరిగినదే; ఒకడు చెట్టెక్కెను, రెండవవాడు నేలపై ఊపిరి బిగబట్టి పడుకొనెను, ఎలుగు వాసన చూచి పోయెను. ఆ కథ స్నేహమును బోధించుటకు మంచిదే, కాని అడవికి పూర్తిగా పనికిరాదు. తేనెకై చెట్టెక్కు జంతువునకు మన చెట్టు అడ్డము కాదు. పడుకొనుమన్న సలహాలో మాత్రము కొంత సత్యమున్నది. తప్పించుకొన వీలులేనంత చేరువకు వచ్చి మీదబడినపుడు వెలికిల కాక బోర్లపడి, చేతివ్రేళ్లను మెడవెనుక పెనవేసి, ముఖమును నేలకు దాచుకొనుమని ఎలుగుల నెరిగినవారు చెప్పుదురు. శవమును ముట్టదని కాదు. ముఖమును, మెడను కాపాడుకొనుటకు. అది దూరముననే కనబడిన పరుగెత్తక, దానిపై చూపు నిలిపి, మెల్లగా వెనుకకు జరుగవలెను.

ఎలుగు ఊరిలోనికే వచ్చిన దినమున చేయవలసినది మరియొక తీరు. ఆ పూట ఇద్దరు ముగ్గురు పెద్దలు బాధ్యత తీసికొని, పిల్లలను ఇండ్లలో నుంచి, కుక్కలను కట్టి, గుంపును వెనుకకు నెట్టి, కొండవైపు దారి విడిచి, చీకటివరకు ఓపికపట్టిన పది సందర్భములలో అధికభాగము ఆ ఎలుగు తనంత తాను పోవును. ఆ పెద్దలెవరో ఆ దినమున నిర్ణయించుకొనుట కుదరదు, ముందే తెలిసియుండవలెను. రేంజరు కార్యాలయపు ఫోను నంబరు ఎవరి సంచిలోనో నుండి ప్రయోజనము లేదు.

గాయపడినవారి సంగతి ఒకటి మిగిలినది. అడవిమృగముల వలన మరణించినవారి కుటుంబములకును, గాయపడినవారికిని ప్రభుత్వము పరిహార మిచ్చుచున్నది. కాని కూలివానికి దారి తెలియదు. ఆసుపత్రి పత్రము ఒకచోట, పోలీసు కాగితము ఒకచోట, అటవీశాఖ విచారణ మరియొకచోట. మూడు కార్యాలయములు తిరుగుసరికి కుట్లు ఊడును, కూలి పోవును, మధ్యవర్తి చేయి చాచును. ముఖమునకు శస్త్రచికిత్స ఒకసారితో తీరదు. రెండవసారికి కర్నూలు పెద్దాసుపత్రికి పోవుటకు బస్సు కిరాయి లేక మానుకొనువారుందురు. పరిహారము ఆలస్యమైన ఊరిలో మరుసటి ఎలుగునకు క్షమ దొరకదు. అది దొరకనందుకు ఊరిని నిందించుట ఎవరికిని తగదు.

ఇచట గ్రంథాలయము ఉపకరింపగలదు. చట్టపు తెలుగు ప్రతి ఒకటి, పరిహారపు దరఖాస్తు నమూనా ఒకటి, వలయు పత్రముల వివరము, రేంజి కార్యాలయపు చిరునామా, ఫోను నంబరు – ఇవి పఠనమందిరపు బల్లమీద వార్తాపత్రికల ప్రక్కన నుంచినచో, చదువు వచ్చిన పిల్లలు చదువురాని పెద్దలకు నింపి ఇయ్యగలరు. సీతాఫలములు పక్వమునకు వచ్చులోపల, శివరాత్రి నడక మొదలగులోపల ఆ కాగితములు బల్లపైకి రావలసియున్నది.